కలప గుజ్జు కడగడంలో పాలిమర్లు: నీరు దిగడం వేరు, మురికి పోవడం వేరు

కాగితం మిల్లులో గుజ్జు కడిగే చోటికి వెళ్తే ముందు కంటపడేది గుజ్జు కాదు, నురగ. ఆ గోధుమరంగు నురగలోంచి ఒక పెద్ద జల్లెడ డ్రమ్ము మెల్లగా తిరుగుతూ పైకి లేస్తుంది. దాని ఒంటికి తడి గుజ్జు దుప్పటిలా అంటుకుని ఉంటుంది. పైనుంచి షవర్లు వేడినీళ్లు పోస్తుంటాయి, డ్రమ్ము లోపలి వాక్యూమ్ ఆ నీళ్లను గుజ్జు గుండా లాగుతుంటుంది. అంతా సవ్యంగా ఉంటే పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోతాయి. లేకపోతే దుప్పటి మీదే మడుగు కట్టి, ముందుకు జారి, మళ్లీ కింద తొట్టిలోనే పడతాయి. అంత నీరు పోసినా గుజ్జు మాత్రం సరిగ్గా కడగబడదు.

ఈ రెండో దృశ్యం రోజూ కనిపిస్తుంటే ఎవరో ఒకరు "పాలిమర్ వేసి చూద్దామా" అంటారు. టన్ను గుజ్జుకి కొన్ని వందల గ్రాములు వేస్తే చాలు, కడగడం మెరుగై, సోడా (ఉడికించడానికి వాడే సోడియం రసాయనాలు) మిగిలి, ఆవిరి ఖర్చు తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. వాడినవాళ్లలో కొందరు నిజమేనంటారు, మరికొందరు దండగ అంటారు. చిత్రమేమిటంటే ఇద్దరి మాటా నిజం కావచ్చు. ఎందుకో తెలియాలంటే అసలు కడుగుతున్నది దేన్నో ముందు చూడాలి.

## గుజ్జులో ఉన్న మురికి ఏమిటి?

రసాయనాలతో తీసే గుజ్జులో అత్యధిక భాగం క్రాఫ్ట్ పద్ధతిలోనే వస్తుంది. కార్ల్ దాల్ 1884లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. చెక్క ముక్కల్ని సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ కలిసిన ద్రావణంలో సుమారు 160-170 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికిస్తారు. చెక్కలోని పోగుల్ని ఒకదానికొకటి అతికించి ఉంచే లిగ్నిన్ కరిగిపోతుంది. దాంతోపాటు మరికొన్ని పదార్థాలూ కరుగుతాయి. చివరికి చెక్క బరువులో సగం, ఒక్కోసారి సగం కంటే ఎక్కువే, ద్రావణంలోకి చేరుతుంది. మిగిలిన పోగులే గుజ్జు. వాటి చుట్టూ ఉన్న నల్లటి చిక్కటి ద్రావణమే బ్లాక్ లిక్కర్.

మురికి అన్నాను గానీ, ఇది పారబోసే మురికి కాదు. 1930ల తొలినాళ్లలో టామ్లిన్సన్ రూపొందించిన రికవరీ బాయిలర్ వచ్చాక బ్లాక్ లిక్కర్ మిల్లుకి ఇంధనమూ అయింది, ముడిసరుకూ అయింది. అందులోని లిగ్నిన్ మండి ఆవిరిని ఇస్తుంది, సోడియం, గంధకం మళ్లీ ఉడికించే ద్రావణంగా మారతాయి. గుజ్జుతో పాటు ముందుకు వెళ్లిపోయిన ప్రతి కిలో ఆ చక్రంలోంచి జారిపోయినట్టే. పైగా అది ముందుకు వెళ్లి ఊరుకోదు. ఆక్సిజన్‌తో మిగతా లిగ్నిన్ తీసే దశలోనూ బ్లీచింగ్‌లోనూ పోగులకి అందాల్సిన రసాయనాన్ని ఈ కరిగిన లిగ్నిన్ తినేస్తుంది. మిగిలింది వ్యర్థజలంలో భారమవుతుంది.

అంటే రెండు కోరికలు ఒకేసారి తీరాలి. గుజ్జు శుభ్రంగా రావాలి, లిక్కర్ చిక్కగా రావాలి. నీళ్లు ధారాళంగా పోస్తే మొదటి కోరిక ఇట్టే తీరుతుంది. కానీ లిక్కర్ మండాలంటే అందులోని ఘనపదార్థం సుమారు 15 శాతం నుంచి 65 శాతానికి, ఆ పైకి చేరాలి. కడగడానికి వాడిన అదనపు నీటినంతా ఎవాపరేటర్లలో మరిగించి తీసేయాలి. కడగడంలో టెన్షన్ అంతా ఇక్కడే ఉంది.

## బట్టలు జాడించే లెక్కే, కాస్త తెలివిగా

సబ్బు పెట్టిన బట్టని పిండకుండా బకెట్టు తర్వాత బకెట్టు నీళ్లలో ముంచితే ఎంతకీ నురగ పోదు. గట్టిగా పిండి, కాసిని నీళ్లు పోసి, మళ్లీ పిండితే తొందరగా పోతుంది. గుజ్జు విషయంలోనూ పిండటం ఒక మార్గం. రెండో మార్గం బట్టలకి కుదరదు, గుజ్జుకి కుదురుతుంది: దుప్పటిలా పరిచిన గుజ్జు మీద శుభ్రమైన నీరు పోసి, ఆ నీరు లోపలి లిక్కర్‌ని తనతో కలుపుకోకుండా ముందుకు తోసేసేలా చేయడం. దీన్నే డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు. డ్రమ్ము వాషర్లో ఈ రెండూ జరుగుతాయి.

నీటి పొదుపు కోసం వాషర్లని వరుసగా పెట్టి, గుజ్జుని ఒక దిక్కుకి, నీటిని ఎదురు దిక్కుకి నడుపుతారు. అన్నిటికన్నా శుభ్రమైన నీరు చివరి వాషర్ మీద పడుతుంది. అక్కడ దిగిన నీరే దాని ముందున్న వాషర్‌కి షవర్ అవుతుంది. ఆఖరి జాడింపు నీళ్లని తర్వాతి బట్టల మొదటి జాడింపుకి వాడుకున్నట్టన్నమాట.

పాలిమర్ గొడవ అర్థం కావడానికి మూడు మాటలు తెలిస్తే చాలు.

కన్సిస్టెన్సీ అంటే గుజ్జు మిశ్రమంలో పోగుల బరువు శాతం. డ్రమ్ము నుంచి 12 శాతంతో గుజ్జు ఊడి వస్తే, ప్రతి టన్ను పోగులు 88ని 12తో భాగిస్తే వచ్చే 7.33 టన్నుల ద్రవాన్ని మోసుకెళ్తున్నట్టు.

డైల్యూషన్ ఫ్యాక్టర్ అంటే గుజ్జుతో బయటికి వెళ్లే ద్రవం కంటే షవర్లో ఎంత ఎక్కువ నీరు పోశామన్నది. పై గుజ్జు మీద టన్నుకి 9.83 టన్నుల నీరు పోస్తే ఫ్యాక్టర్ 2.5. ఆ 2.5 టన్నులే చివరికి ఎవాపరేటర్ల నెత్తిన పడతాయి.

డిస్‌ప్లేస్‌మెంట్ రేషియో అంటే ఒక వాషర్లో తీయగలిగినదాంట్లో నిజంగా ఎంత తీశామన్నది. అది 0.7 అయితే పదో వంతుల్లో ఏడు పోయాయి, మూడు మిగిలాయి.

ఈ మూడో అంకె చిన్నగా కదిలినా ఫలితం పెద్దదవుతుంది. మూడు వాషర్లున్నాయనుకుందాం. షవర్ నీరు పూర్తిగా శుభ్రమైనదేనని, లెక్క సులువు కోసం, అనుకుందాం. ఒక్కొక్కటి 0.7 చొప్పున పనిచేస్తే చివరికి మిగిలేది 0.3ని మూడుసార్లు హెచ్చించినంత, అంటే 2.7 శాతం. అదే 0.75 అయితే 1.56 శాతం. ప్రతి దశలో ఐదు పాయింట్లు పెరిగితే చివర మిగిలేది నలభై శాతానికి పైగా తగ్గింది. నిజమైన మిల్లులో షవర్ నీటిలోనే లిక్కర్ ఉంటుంది కాబట్టి ఇంత అందంగా రాదు. కానీ అమ్మేవాళ్లు చూపించే గ్రాఫుల వెనక ఉండేది ఈ హెచ్చవేతే.

## నీరు ఎందుకు దిగదు

గుజ్జు దుప్పటి ఒక వడపోత పొర. దాని గుండా నీరు ఎంత వేగంగా దిగుతుందన్నది లోపలి సందుల మీద ఆధారపడుతుంది. సందులు మూసుకుపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు.

మొదటిది ఫైన్స్, అంటే విరిగిన పోగుల సన్న నలుసులు. పైన్ లాంటి మెత్తటి కలప పోగు సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుంటే, యూకలిప్టస్ లాంటి గట్టి కలపది 1 మిల్లీమీటరు లోపే. గడ్డి గుజ్జులో అయితే నలుసులే ఎక్కువ. ఇవి పోగుల మధ్య సందుల్లో దూరి కూర్చుంటాయి, తమ బరువుకి మించి నీటినీ పట్టుకుంటాయి.

రెండోది గాలి. చెక్కలోని కొవ్వు ఆమ్లాలు, రెజిన్ ఆమ్లాలు క్షారంలో ఉడికితే సబ్బు తయారవుతుంది. సబ్బుంటే నురగ రాక మానదు. పైన కనిపించే నురగ కంటే గుజ్జు లోపల చిక్కుకున్న బుడగలే ఎక్కువ హాని చేస్తాయి. ఒక్కో బుడగ ఒక్కో సందుకి బిరడాలా అడ్డం పడుతుంది. డ్రమ్ము నుంచి దిగే గొట్టంలోకి గాలి చేరితే వాక్యూమే పడిపోతుంది.

వేడి సంగతి ఇంకో మెలిక. నీరు వేడెక్కితే పలచబడి సులువుగా దిగుతుంది కదా, ఇంకా వేడి చేద్దాం అనిపిస్తుంది. కానీ 80 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనమే వాతావరణ పీడనంలో దాదాపు సగం ఉంటుంది. వాక్యూమ్ అంతకు మించి లాగబోతే డ్రమ్ము లోపల నీరు మరగడం మొదలుపెడుతుంది. వాక్యూమ్ డ్రమ్ముల షవర్ నీటిని మరీ వేడిగా ఉంచనిది అందుకే.

## పాలిమర్ అనే ఒక్క పేరు కింద మూడు సరుకులు

గందరగోళంలో సగం ఈ పేరువల్లే. పాలిమర్ అంటే ఒకే రకం చిన్న అణువులు గొలుసులా కలిసిన పొడుగు అణువు, అంతే. గుజ్జు కడిగే చోట ఆ పేరుతో వచ్చే సరుకులు ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులు చేస్తాయి.

పొడుగు గొలుసువి, ముఖ్యంగా పాలీఅక్రిలమైడ్ జాతివి, నలుసుల్ని పోగులకి కట్టేస్తాయి. పోగులు, నలుసులు, కరిగిన లిగ్నిన్ అన్నీ రుణావేశంతోనే ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ధనావేశం ఉన్న పొడుగు గొలుసు ఒక కొసతో పోగుని, మరో కొసతో నలుసుని పట్టుకుంటుంది. నలుసు సందులోంచి లేచి పోగుకి అంటుకుంటే దారి తెరుచుకుంటుంది.

పొట్టివి, ఆవేశం దట్టంగా ఉన్నవి రెండో రకం. పాలీడాడ్‌మాక్, పాలీఅమైన్లు, పాలీఇథిలీన్‌ఇమైన్ ఈ కోవలోవి. ఇవి వంతెన కట్టవు. ఉపరితలం మీద అక్కడక్కడా అతుక్కుని రుణావేశాన్ని చల్లార్చి, నలుసులు దగ్గరయ్యేలా చేస్తాయి.

మూడో రకానికి ఆవేశంతో పని లేదు. ఇథిలీన్ ఆక్సైడ్, ప్రొపిలీన్ ఆక్సైడ్ గొలుసుల కలయికలు నీటి తలతన్యత మీద పనిచేస్తాయి, బుడగల్ని పగలగొడతాయి. అన్నట్టు, డీఫోమర్‌గా, అంటే నురగ అణిచే మందుగా, ఏళ్ల తరబడి వాడుతున్న సిలికోన్ కూడా పాలిమరే. కాబట్టి "మా మిల్లులో పాలిమర్ పనిచేయలేదు" అని ఎవరైనా అంటే, ఏ పాలిమర్ అని అడగాల్సిందే.

## క్షారంలో, వేడిలో, లిగ్నిన్ మధ్యలో

కాగితం మెషీన్ దగ్గర మొదటి రెండు రకాలూ ఎప్పటినుంచో వాడుకలో ఉన్నాయి. మరి అక్కడి సరుకునే తెచ్చి వాషర్లో పోస్తే? సాధారణంగా నిరాశే. మెషీన్ దగ్గర నీరు దాదాపు తటస్థంగా ఉంటుంది. వాషర్ తొట్టిలో పీహెచ్ 10 నుంచి 12 దాకా, వేడి 70-80 డిగ్రీలు. మెషీన్ దగ్గర ఎక్కువగా వాడే పాలీఅక్రిలమైడ్లలో ధనావేశాన్ని మోసే భాగం ఎస్టర్ బంధంతో వేలాడుతుంటుంది. వేడి క్షారంలో ఆ బంధం చాలా త్వరగా తెగిపోతుంది. ఆవేశం పోయాక ఆ గొలుసు పోగుని పట్టుకోలేదు. డాడ్‌మాక్ తరహా నిర్మాణానికి ఆ బలహీనత లేదు కాబట్టి ఇక్కడికి దాన్ని గానీ, దాన్ని అక్రిలమైడ్‌తో కలిపిన గొలుసుల్ని గానీ ఎంచుకుంటారు.

రెండో అడ్డంకి లిగ్నిన్. మొదటి వాషర్ తొట్టిలో కరిగిన లిగ్నిన్ సముద్రంలా ఉంటుంది. ధనావేశపు పాలిమర్ పోగు దాకా చేరేలోపే లిగ్నిన్ దాన్ని పట్టేసుకుంటుంది. వేసిన మందంతా అక్కడే ఖర్చవుతుంది. చివరి వాషర్లో లిక్కర్ పలచన, పోటీ తక్కువ. అందుకే అదే మోతాదు చివర వేస్తే ఫలితం కనిపించి, ముందు వేస్తే ఏమీ కనిపించకపోవచ్చు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా ఉంది. లిగ్నిన్‌ని పట్టుకున్న పాలిమర్ ఆ జంటగానే పోగు మీద దిగబడవచ్చు. అప్పుడు కడిగి తీయాల్సిన లిగ్నిన్‌ని మనమే గుజ్జుకి అతికించినట్టవుతుంది. సోడియం మాత్రమే కొలిచే మిల్లుకి ఇది తెలియదు. సోడా నష్టం తగ్గినట్టే కనిపిస్తుంది, బ్లీచింగ్‌లో క్లోరిన్ డయాక్సైడ్ ఖర్చు మాత్రం తగ్గదు. సోడియంతో పాటు సీఓడీని, అంటే ద్రవంలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్‌ని, కలిపి చూస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుంది.

## పాలిమర్ చేతిలో లేనివి

గుజ్జులో లిక్కర్ మూడు చోట్ల ఉంటుంది. పోగుల మధ్య సందుల్లో ఉన్నది నీటి ప్రవాహంతో కొట్టుకుపోతుంది. పోగు గోడ లోపల ఉన్నది నెమ్మదిగా ఊరి బయటికి రావాలి. సోడియం లాంటి చిన్న అయాన్లు త్వరగా వస్తాయి, లిగ్నిన్ పెద్ద అణువు కాబట్టి దానికి సమయం కావాలి. డ్రమ్ము మీద గుజ్జు ఉండేది కొన్ని సెకన్లే. ఇక మూడోది పోగు మీది ఆమ్ల సమూహాలకి అంటిపెట్టుకున్న సోడియం. ఎన్ని నీళ్లు పోసినా పీహెచ్ తగ్గనిదే అది పూర్తిగా వదలదు.

నీటి దారి బాగుచేసే పాలిమర్‌కి అందేది మొదటి చోటు ఒక్కటే. ఈ విషయంలో తేడా అడిగేవాళ్లు తక్కువ. నీరు బాగా దిగుతున్నా ఇంకా సీఓడీ ఎక్కువగా వస్తున్న మిల్లుకి కావాల్సింది పాలిమర్ కాదు, వాషర్ల మధ్య నిలవుంచే సమయమో, ఇంకో దశో.

మోతాదు మించితే వచ్చే చిక్కు ఇంకోటి. పోగులు గుంపులు గుంపులుగా చేరి, దుప్పటి ఎగుడుదిగుడుగా తయారవుతుంది. గుంపుల మధ్య బాటల్లోంచి నీరు సర్రున దిగిపోతుంది, గుంపుల లోపలి లిక్కర్ అలాగే ఉండిపోతుంది. బయటినుంచి చూస్తే డ్రైనేజీ అద్భుతం. డిస్‌ప్లేస్‌మెంట్ రేషియో మాత్రం పడిపోతుంది. ల్యాబులో లీటరు గుజ్జుని జల్లెడ మీద పోసి, స్టాప్‌వాచ్ పట్టుకుని ఎన్ని మిల్లీలీటర్లు దిగాయో కొలిచే పరీక్ష ఈ తేడాని పట్టుకోలేదు. అది దిగిన వేగాన్నే చెబుతుంది. దిగిన నీరు ఏ దారిన వచ్చిందో చెప్పదు.

## ట్రయల్ అంకెలు ఎలా మోసం చేస్తాయి

ఊహించిన అంకెలతో ఒక ట్రయల్ చూద్దాం. మిల్లు రోజుకి 1000 టన్నుల గుజ్జు చేస్తుంది. పాలిమర్ లేనప్పుడు డైల్యూషన్ ఫ్యాక్టర్ 2.5, సోడా నష్టం టన్నుకి 12 కిలోలు. పాలిమర్ 300 గ్రాముల చొప్పున, అంటే రోజుకి 300 కిలోలు, వేశారు. నష్టం 9.5 కిలోలకి దిగింది. రిపోర్టులో ఈ 2.5 కిలోల తగ్గుదల పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

కానీ షవర్ మీటరు చూస్తే ఫ్యాక్టర్ 3.1 అయింది. మడుగు కట్టడం తగ్గింది కదా అని ఆపరేటర్ వాల్వు ఇంకొంచెం తిప్పాడు, తప్పేం లేదు. పాత రికార్డులు తీస్తే, పాలిమర్ లేకుండా ఎలాగో 3.1 మీద నడిచిన రోజుల్లో నష్టం 10 కిలోలు ఉంది. అంటే తగ్గిన 2.5లో 2 కిలోలు నీటి చలవ, అర కిలో పాలిమర్‌ది. పైగా రోజుకి 600 టన్నుల అదనపు నీరు ఎవాపరేటర్లకి చేరింది. టన్ను ఆవిరితో ఐదు టన్నుల నీటిని తీసే వరుస అయితే 120 టన్నుల ఆవిరి అదనం.

ఇదే ట్రయల్‌ని తిరగేసి చదవనూ వచ్చు. పాలిమర్ లేకపోతే ఆ మిల్లు రోజూ 3.1 మీద నడవగలిగేదేనా, లేక తొట్టి పొంగిపోయేదా? నడవలేనిదైతే ఆ 2 కిలోల్లోనూ పాలిమర్‌కి వాటా ఉంది. ఈ ప్రశ్న వదిలేసి వాదించుకునేవాళ్లే ఎక్కువ.

ఫ్యాక్టర్‌ని 2.5 దగ్గరే బిగించి చేసిన ట్రయల్ ఇంకోలా ఉంటుంది. డ్రమ్ము నుంచి వచ్చే గుజ్జు 12 శాతం నుంచి 14కి ఎక్కిందనుకోండి. మోసుకెళ్లే ద్రవం 7.33 నుంచి 6.14 టన్నులకి తగ్గుతుంది. ఆ ద్రవంలో కరిగిన పదార్థం 1 శాతం ఉంటే టన్ను గుజ్జుకి సుమారు 12 కిలోలు వెనక్కి మిగిలినట్టు. ఇది నీటితో కొన్న లాభం కాదు. నా మటుకు ఇలాంటి ట్రయల్ ఒక్కటే నమ్మదగింది. చెక్క జాతి మారకుండా, ఉత్పత్తి మారకుండా, వేస్తూ ఆపుతూ కొన్నిసార్లు చూసినప్పుడు మరీనూ.

## పోటీలో ఉన్న ఇతర దారులు

నురగే అసలు సమస్య అయితే డీఫోమర్ చాలు. పూర్వం నూనె ఆధారిత డీఫోమర్లు వాడేవారు. వాటిలో కొన్నిటిలో ఉన్న మలినాలు క్లోరిన్ బ్లీచింగ్‌లో డయాక్సిన్లనే విషపదార్థాలుగా మారుతున్నాయని 1980లలో తేలాక ఆ నూనెల శుద్ధత మీద పట్టు పెరిగింది, సిలికోన్ల వాడకమూ పెరిగింది. సిలికోన్ చాలా తక్కువ మోతాదుకే పనిచేస్తుంది, మోతాదు మించితే గుజ్జు మీద మచ్చలుగా పేరుకునే గుణం మాత్రం ఉంది.

కార్బన్ డయాక్సైడ్ ఇంకో దారి. షవర్ నీటిలోకి ఈ వాయువుని ఎక్కిస్తే పీహెచ్ దిగుతుంది, పోగుల ఉబ్బు తగ్గి నీరు బాగా దిగుతుంది. పాలిమర్‌కి చేతకాని పని, అంటే పోగుకి అంటుకున్న సోడియంని విడిపించడం, దీనికి కొంతవరకు చేతనవుతుంది. పీహెచ్ మరీ దిగితే మాత్రం కరిగిన లిగ్నిన్ మళ్లీ గడ్డకట్టి పోగుల మీద పడుతుంది. వాయువు నిల్వకీ, సరఫరాకీ ఏర్పాట్లు కూడా కావాలి.

గుజ్జుని 30 శాతం దాకా పిండే ప్రెస్సులు పెట్టుకుంటే సగం గొడవ ఉండదు. అది పెట్టుబడి వ్యవహారం. పాత డ్రమ్ములతోనే ఉత్పత్తి పెంచాల్సి వచ్చి, వాషర్లే ఇరుకైన మెడలా మారిన మిల్లుల్లో పాలిమర్‌కి ఆదరణ ఎక్కువగా ఉండేది అందుకే.

## వేసిన పాలిమర్ చివరికి ఎటు పోతుంది

ధనావేశపు పాలిమర్‌లో ఎక్కువ భాగం పోగునే పట్టుకుని గుజ్జుతో బ్లీచింగ్‌కి వెళ్తుంది. అక్కడ కొంత ఆక్సీకరణం చెందుతుంది. లిక్కర్ వైపు వెళ్లిన భాగం రికవరీ బాయిలర్లో మిగతా సేంద్రియ పదార్థంతో పాటే మండిపోతుంది. ఈ విషయంలో బూడిదలో సిలికా మిగిల్చే సిలికోన్ కంటే ఇది నయం. జాగ్రత్త పడాల్సింది కారినప్పుడు. ధనావేశపు పాలిమర్లు చేపల మొప్పలకి అంటుకుని హాని చేస్తాయి. మురుగులోని సేంద్రియ పదార్థం వాటిని చాలావరకు బంధిస్తుంది గానీ, గాఢ ద్రావణం పీపా నేరుగా కాలువలోకి ఒలికితే అలా బంధించడానికి అక్కడ ఏమీ ఉండదు.

కలిపే తీరు కూడా తక్కువ విషయం కాదు. పొడి రూపంలో వచ్చే పొడుగు గొలుసుల్ని నీళ్లలో ఒక్కసారిగా గుమ్మరిస్తే పైన తడిసి లోపల పొడిగా ఉన్న జిగురు ఉండలు కడతాయి. అవి కరగవు, జల్లెడకి అడ్డం పడతాయి. నెమ్మదిగా చల్లుతూ, అర శాతం లోపు గాఢతలో కలిపి, గొలుసులు విప్పుకునేదాకా ఆగాలి. ఆ తర్వాత దాన్ని వేగంగా తిరిగే పంపుకి ముందు వేస్తే గొలుసులూ తెగుతాయి, కట్టిన గుంపులూ విడిపోతాయి. పంపు దాటాక, తొట్టిలోకి గుజ్జు చేరే చోట వేస్తే అదే మందు వేరేలా కనిపిస్తుంది. పనిచేయలేదని పక్కన పెట్టే ముందు ఆ గొట్టం ఎక్కడ కలిపారో ఒకసారి వెళ్లి చూడటం మంచిది.